నర్సయ్య అడిగిన దీవి

పని ఏమిటంటే

మస్కట్‌లో మత్రా రేవు వెనక వీధిలో, ఓడల పటాలు అమ్మే ఒక దుకాణంలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఈ మధ్యే మానేశాను. అదే కంపెనీలో ఇప్పుడు మన పిల్లలు ఇద్దరు కొత్తగా చేరారు. వాళ్ళు కంప్యూటర్ తెర మీద పని చేస్తారు. కాగితం పటం వాళ్ళకు గోడకు తగిలించుకునే వస్తువు. నేను వచ్చేసే రోజున వాళ్ళలో కాకినాడ అమ్మాయి, "అంతకాలం ఇక్కడ మీరు ఏం చేసేవారండీ?" అని అడిగింది. పటాలు దిద్దేవాణ్ణమ్మా అని చెప్పి సంచి తీసుకుని వచ్చేశాను. ఆమెకు చెప్పవలసిన అసలు జవాబు ఇది.

సముద్రం పటం అచ్చయిన రోజు నుంచే పాతబడడం మొదలవుతుంది. ఇసుక మేట ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుగుతుంది. లైట్‌హౌస్ దీపం మారుతుంది. ఎక్కడో నీటి అడుగున కేబుల్ వేస్తారు. ఎక్కడో ఓడ మునుగుతుంది. ఈ మార్పులన్నీ చెబుతూ వారం వారం సవరణల పుస్తకం వస్తుంది. అందులో ఉన్న ప్రతి మార్పునూ సన్నటి పాళీతో, ఊదా సిరాతో, పటం మీద చేత్తో గీయాలి. ఓడవాళ్ళు పటం కొన్న రోజుకు అది సరిగ్గా ఉండాలి. రాయి ఉన్నచోట రాయి లేదని పటం చెబితే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

నేను బందరులో ఐటీఐ చదివాను. డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగమని ఏజెంట్ చెబితే వచ్చాను. హమ్రియాలో రూమ్, మత్రాలో డ్యూటీ. వచ్చాక తెలిసింది, గీయాల్సింది ఇళ్ళు కాదు, సముద్రమని. మొదటి వారం నిరుత్సాహపడ్డాను. తర్వాత ఎప్పుడూ పడలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళలో చేయి వణకని వాళ్ళు చాలామందే ఉంటారు. విసుగును దగ్గరికి రానివ్వని వాళ్ళు తక్కువ. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం తెలియక చేసినవి కావు, విసుగెత్తి చేసినవి.

కెప్టెన్

నాకు పని నేర్పింది గోవా మనిషి. చాలాకాలం పెద్ద ఓడలు నడిపి, మోకాళ్ళు సహకరించక ఒడ్డుకు చేరినవాడు. మేమంతా ఆయన్ని కెప్టెన్ అనే పిలిచేవాళ్ళం. మంచి బాస్ అని చెప్పలేను. మాట కరుకు. భోజనానికి లేచినా గడియారం వైపు చూసేవాడు. పటం పాడుచేస్తే దాన్ని మన కళ్ళముందే రెండుగా చింపి బుట్టలో వేసేవాడు. నా మొదటి ఏడాది ఆయన్ని తిట్టుకోకుండా నిద్రపోయిన రోజు గుర్తులేదు.

ఒకరోజు మునిగిన ఓడ గుర్తు గీస్తున్నాను. గుర్తు చిన్నదే. ఒక అడ్డగీత, దాన్ని ఖండిస్తూ మూడు నిలువు గీతలు, చుట్టూ చుక్కలు. గీస్తూ పక్క బల్ల దగ్గరి మనిషితో క్రికెట్ కబుర్లు చెబుతున్నాను. కెప్టెన్ వచ్చి నా చేతిలో పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

"దీని కింద ఒక వంటగది ఉంది," అన్నాడు. "మునిగేటప్పుడు పొయ్యి మీద ఏదో ఉడుకుతూనే ఉండి ఉంటుంది. ఇది గీసేంతసేపు నోరు మూసుకో."

అంతే చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ గుర్తు గీస్తూ నేను ఎవరితోనూ మాట్లాడలేదు. అయితే నిజం చెప్పాలంటే, మాట్లాడకపోవడం వేరు, తలచుకోవడం వేరు. అలాంటి గుర్తులు లెక్కలేనన్ని గీశాను. గీసినంతసేపు మౌనంగా ఉండేవాణ్ణి. సిరా ఆరగానే లేచి కింద వీధిలో కరక్ చాయ్ తాగి వచ్చేవాణ్ణి.

కింది సొరుగు

ప్రపంచంలోని సముద్రాలన్నింటి పటాలూ దుకాణంలో ఉండాలని కెప్టెన్ పట్టు. మస్కట్ నుంచి ఉత్తర ధ్రువం దిక్కుగా వెళ్ళే ఓడ ఎప్పుడోగానీ తగలదు. అయినా ఆ పటాలు బీరువాలో అన్నింటికంటే కింది సొరుగులో ఉండేవి. వాటినీ క్రమం తప్పకుండా దిద్దాల్సిందే. ఎవరూ కొనని పటం మీద వంగి నడుము నొప్పి తెచ్చుకోవడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. అందుకని ఆ సొరుగు కొత్తవాళ్ళకు అంటగట్టేవారు. అలా నాకు వచ్చింది. తర్వాత నేను దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. దానికి కారణం అందులో ఉన్న ఒక దీవి.

దాని పేరు ఎలుగుబంటి దీవి. నార్వే దేశపు పైకొసకూ స్పిట్స్‌బెర్గెన్ దీవులకూ మధ్య, ఇంచుమించు సగం దారిలో, ఒంటరిగా ఉంటుంది. చుట్టుపక్కల తోడుకు మరో రాయి కూడా లేదు. పటం మీద తలకిందులుగా పెట్టిన ముక్కోణంలా కనిపిస్తుంది. ఉత్తరాన చదునైన రాతినేల, దాని నిండా చిన్న చిన్న మడుగులు. దక్షిణాన కొండలు నిటారుగా సముద్రంలోకి దిగుతాయి. వేసవిలో ఆ కొండల అంచుల మీద లక్షల సంఖ్యలో పక్షులు గుడ్లు పెడతాయి. చెట్టు లేదు. ఓడ భద్రంగా నిలిచే రేవు లేదు. దక్షిణం నుంచి కాస్త వెచ్చటి నీరు, ఉత్తరం నుంచి గడ్డకట్టే నీరు వచ్చి అక్కడ కలుస్తాయి. అందువల్ల వేసవంతా పొగమంచే. చలికాలంలో నెలల తరబడి సూర్యుడు ఉదయించడు. అన్నింటికంటే ఎత్తైన కొండకు పెట్టిన పేరు దుఃఖపు కొండ.

మత్రాలో జూన్ ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, ఏసీ గదిలో కూర్చుని ఆ దీవి గురించి చదివేవాణ్ణి. పటాలతోపాటు నావికులకు దారి చెప్పే లావుపాటి పుస్తకాలు ఉండేవి. ఎక్కడ దిగవచ్చు, ఎక్కడ దిగకూడదు, ఏ గాలికి ఏ పక్క ఆశ్రయం దొరుకుతుంది, అన్నీ వాటిలో ఉండేవి. బందరు మనిషికి ఎందుకూ కొరగాని సంగతులు. అయినా ఆ దీవి నాకు పక్కింటి పెరడంత పరిచయమైపోయింది.

కొన్నేళ్ళ కిందట, ఒక చలికాలం చివర, సవరణల పుస్తకంలో ఆ దీవికి ఆగ్నేయంగా మునిగిన ఓడ ఒకటి వచ్చింది. ఓడ పేరు ఉండదు. ఉన్న చోటు మాత్రమే ఉంటుంది. నోరు మూసుకుని గుర్తు గీశాను. ఆరనిచ్చి సొరుగు మూశాను. ఎప్పటిలాగే కిందికి దిగి చాయ్ తాగాను.

శుక్రవారం వచ్చిన మనిషి

ఓడలకు శుక్రవారం సెలవు ఉండదు కాబట్టి మా దుకాణానికీ ఉండేది కాదు. వంతులవారీగా ఒకరం కూర్చునేవాళ్ళం. నేను ఆ గుర్తు గీసిన కొన్ని వారాలకు ఒక శుక్రవారం నా వంతు వచ్చింది. కెప్టెన్ లోపలి గదిలో ఉన్నాడు. పొద్దున పదకొండు వేళ ఒక మనిషి తలుపు తోసుకుని వచ్చి, చెప్పులు బయట విడవాలా వద్దా అని ఆగాడు. నాకంటే కొంచెం పెద్దవాడు. ఇస్త్రీ చొక్కా. సిమెంటుకు పగిలిన చేతులు. నన్ను చూసి మొదట హిందీలో మాట్లాడబోయి, నా బల్ల మీదున్న తెలుగు క్యాలెండర్ చూసి ఆగాడు.

"సారూ, గీడ సముద్రాల పటాలు ఉంటయట గద."

"ఉంటాయండి. ఏ ఓడకు?"

"ఓడకు గాదు సారూ. నాకే."

కూర్చోమన్నాను. పేరు నర్సయ్య. జగిత్యాల దగ్గరి పల్లె. సూర్‌లో ఇళ్ళు కట్టే సైట్‌లో మేస్త్రి. మా దుకాణంలో అన్ని సముద్రాలూ ఉంటాయని అక్కడి చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేసే మలయాళీ చెప్పాడట. పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. జేబులోంచి ఫోన్ తీసి ఏజెంట్ పంపిన మెసేజ్ చూపించాడు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు, చివర అక్షాంశం, రేఖాంశం.

"నా కొడుకు శ్రీకాంత్. గా ఓడల పనిజేస్తుండె. మునిగిందని జెప్పిన్రు. యాడ మునిగిందో ఒక్కసారి సూద్దామని వచ్చిన."

ఆ అంకెలు చదవగానే నాకు తెలిసిపోయింది. ఓడల చోట్లు గుర్తుపెట్టుకునే అలవాటు లేదు నాకు. కానీ ఆ దీవి చుట్టూ ఉన్న అంకెలు మాత్రం నాకు కంఠతా వచ్చు.

సొరుగు లాగి పటం బల్ల మీద పరిచాను. నర్సయ్య లేచి నిలబడి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, పటాన్ని తాకకుండా వంగి చూశాడు. అతనికి చదువు అంతగా లేదు. అయినా కళ్ళు నేరుగా ఊదా గుర్తు దగ్గరికి వెళ్ళాయి.

"గీ చేపముల్లు లెక్క ఉన్నదేంది సారూ?"

"అదే. మునిగిన ఓడ గుర్తు."

"కడమయన్ని నల్లగున్నయి. గిదొక్కటే రంగు వేరున్నది."

"అది తర్వాత చేత్తో గీసింది."

"ఎవరు గీసిన్రు?"

"నేనే."

నర్సయ్య నా వైపు చూశాడు. అతను మళ్ళీ పటం మీదికి వంగాడు.

"మంచిగ గీసిన్రు సారూ," అన్నాడు.

నా పనికి అలాంటి మెప్పు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చాను. అతను తాగుతూ సంగతి చెప్పాడు. శ్రీకాంత్ ఇంటర్ ఆపేసి ముంబయి ఏజెంట్ ద్వారా ఓడ పనికి వెళ్ళాడు. నడిసముద్రంలో చేపల పడవల దగ్గర చేపలు ఎక్కించుకుని, గడ్డకట్టించి ఒడ్డుకు చేర్చే ఓడ అది. "గల్ఫ్ ఎండలకు నువ్వు పోయినవు గద బాపూ, నేను సల్లటి కాడికి పోత అన్నడు," అని నర్సయ్య చెప్పాడు. ఆ చలికి అలల తుంపర ఓడ పైభాగమంతా పడి పడినట్టే గడ్డ కట్టింది. అలా మంచు పేరుకుని పైన బరువెక్కితే ఓడ పక్కకు ఒరిగి బోల్తాపడుతుంది. కుర్రాళ్ళు సుత్తులతో మంచు పగలగొడుతుండగానే ఓడ ఒరిగింది. దగ్గర్లో ఉన్న చేపల పడవ కొందరిని కాపాడింది. వాళ్ళలో శ్రీకాంత్ లేడు. శవం కూడా దొరకలేదు.

"గీ పక్కన పచ్చగున్నది భూమేనా?" అని అడిగాడు.

"అవును. దీవి."

తన వేలి గోరును పటానికి తాకకుండా కాస్త పైన పట్టి, గుర్తుకూ దీవికీ మధ్య దూరం కొలిచాడు. గోరు కంటే కొంచెం ఎక్కువ.

"గింత దగ్గర్నా," అన్నాడు.

దీవి కథలు

ఆ తర్వాత వీలైన శుక్రవారమల్లా వచ్చేవాడు; వంతు నాది కాకపోయినా నేనూ వెళ్ళేవాణ్ణి. వస్తూ ఖురియాత్‌లో బస్సు ఆగినప్పుడు అరటిపండ్లో, పకోడీలో తెచ్చేవాడు. పటం పరిచి చూపించమనేవాడు. తర్వాత దీవి గురించి అడిగేవాడు. ఎవరు కనిపెట్టారు, ఎందుకు వెళ్ళారు, ఇప్పుడు ఎవరున్నారు.

అంతకాలం చదివింది వినడానికి నాకు మొదటిసారి ఒక మనిషి దొరికాడు. చెప్పాను.

నాలుగు వందల ఏళ్ళకు ముందు, ఉత్తరం వైపు నుంచి చైనాకు దారి వెతుకుతూ డచ్చి ఓడలు రెండు అటు వెళ్ళాయి. దారి దొరకలేదు, ఈ దీవి దొరికింది. నావికులు పక్షి గుడ్ల కోసం ఒడ్డుకు దిగారు. మంచు కొండ ఎక్కారు గానీ దిగడం చేతకాక, కూర్చుని జారి ప్రాణాలు దక్కించుకున్నారు. తర్వాత నీటిలో ఈదుతున్న తెల్ల ఎలుగుబంటి కనపడితే పడవల్లో వెంటపడ్డారు. గొడ్డళ్ళతో చాలాసేపు కొట్టి చంపారు. ఆ పోరాటం పేరే దీవికి మిగిలింది. వెనకాలే ఇంగ్లీషువాళ్ళు వాల్రస్‌ల కోసం వచ్చారు. వాల్రస్ అంటే పొడవాటి కోరలున్న నీటి జంతువు. గుంపులు గుంపులుగా చంపి నూనె కాచుకుపోయారు, కొన్నేళ్ళకే అవి కనపడకుండా పోయాయి. దీవికి తమ వ్యాపారి పేరు పెట్టుకున్నారు గానీ అది నిలవలేదు. తర్వాత వేటగాళ్ళు గుడిసెలు వేసుకుని చలికాలాలు గడిపారు. ఇంకా తర్వాత బొగ్గు గని తవ్వారు, ఇళ్ళు కట్టారు, చిన్న రైలు కూడా వేశారు. గిట్టుబాటు కాక వదిలేసి వెళ్ళిపోయారు. ఆ రైలింజను ఇప్పటికీ అక్కడే తుప్పుపడుతోంది. ఇప్పుడు ఉత్తరపు ఒడ్డున వాతావరణం చూసే కేంద్రం ఒకటి ఉంది, అందులో కొద్దిమంది ఉంటారు.

నర్సయ్య అన్నీ శ్రద్ధగా వినేవాడు. కొన్నాళ్ళకు అతని ప్రశ్నలు మారాయి.

"గుడిసెలు ఇంక ఉన్నయా సారూ?"

"కొన్ని ఉన్నాయంటారు."

"బొగ్గు గని ఇండ్లు?"

"కూలినవే ఎక్కువ."

"నీడకైతే పనికొస్తయి గద. పక్షిగుడ్లు తిననైతే తినొచ్చు గద. గా ఆఫీసోళ్ళు దీవంత తిరుగుతరా, ఒక్క పక్కనే ఉంటరా?"

ఏం అడుగుతున్నాడో అప్పటికి నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా, "అంత దూరం వాళ్ళు తిరగకపోవచ్చు," అన్నాను. అది నిజమే. కానీ ఆ నిజం అతనికి ఎలా వినపడిందో మొహంలో కనిపించింది. ఎవరూ వెతకని ఒక మూల ఆ దీవిలో మిగిలింది అతనికి.

"మావోడు కాలువల ఎదురీదేటోడు సారూ. గోరంత దూరం."

పటం మీద గోరంత దూరం నీటి మీద ఎంతో చెప్పాను. తల ఊపాడు గానీ చెవికెక్కించుకోలేదు. ఊళ్ళో భార్య లక్ష్మికి ఫోన్‌లో ఈ కథలన్నీ చెబుతున్నాడు. ఆమె కొడుక్కి కర్మ చేయనివ్వడం లేదు. దీవిలో ఉన్న పిల్లవాడికి కర్మ ఏమిటని బంధువుల మీద లేస్తోంది. నర్సయ్య అది చెబుతూ కొంచెం నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం ఉంది. నాకు భయం వేసింది.

తర్వాతి శుక్రవారం వచ్చి, కంపెనీలో రాజీనామా ఇచ్చానన్నాడు. మస్కట్‌లోనే రువీ పేటలో ఎవరో మనిషి నార్వేకు వీసా ఇప్పిస్తానని చెప్పాడట. అక్కడి నుంచి దీవికి పడవ మాట్లాడుకోవచ్చట.

"యాడాదో రెండేండ్లో అయితది. తోలుకొనొస్త," అన్నాడు.

నీటి సంగతి

నర్సయ్యను బల్ల దగ్గరే కూర్చోబెట్టి లోపలి గదిలోకి వెళ్ళి కెప్టెన్‌కు చెప్పాను. ఆయనకు నర్సయ్య రాకపోకలు తెలుసు. ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ఇన్నేళ్ళు మాతో ఉండి తెలుగు కొంత అర్థమయ్యే ఆయన, తలుపు సందులోంచి మా మాటలు వింటూ ఉండేవాడని తర్వాత తెలిసింది.

"అతనికి దీవి గురించి చెప్పావు," అన్నాడు. "నీటి గురించి చెప్పలేదు."

"ఎలా చెప్పను సార్?"

"తెలిసినట్టు చెప్పు. నీకు తెలియకపోతే నేను చెబుతాను."

మోకాళ్ళు పట్టుకుని లేచి బయటికి వచ్చాడు. నర్సయ్య ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అంత మృదువుగా ఆయన హిందీ మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

"నర్సయ్య భాయ్, నేను ఉత్తర సముద్రాల్లో ఓడ నడిపాను. ఒకసారి మా నావికుడు నీళ్ళల్లో పడ్డాడు. మేమంతా చూస్తూనే ఉన్నాం. పడవ దింపి తీశాం. ఎంత త్వరగా తీయాలో అంత త్వరగా తీశాం. తాడు విసిరితే పట్టుకోలేకపోయాడు. చేతులు పనిచేయలేదు. మంచి ఈతగాడు."

"బతికిండా?" అని నర్సయ్య హిందీలోనే అడిగాడు.

"లేదు. డెక్ మీద పడుకోబెట్టాక పోయాడు. అది మీ అబ్బాయి పడిన చోటంత చలి కూడా కాదు."

నర్సయ్య నా వైపు తిరిగాడు. "నీళ్ళు ఎంత సల్లగుంటయి?" అని అడిగాడు. అంకె చెప్పాను. అంకె అతనికి ఏమీ చెప్పలేదు. లేచి బయటికి నడిచాడు. నేను వెంట వెళ్ళాను. రోడ్డు దాటితే చేపల మార్కెట్. లోపల ఒక ఒమానీ ముసలాయన దగ్గర పెద్ద ప్లాస్టిక్ తొట్టి ఉంది, నిండా ఐసు, సగం కరిగిన నీళ్ళు, వాటి మధ్య చేపలు. నర్సయ్య ముసలాయనకు సలాం చెప్పి, చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి దాకా తొట్టిలో ముంచాడు.

ముసలాయన నా వైపు చూశాడు. ఆగమన్నట్టు చేయి చూపించాను. నర్సయ్య కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మొహం బిగుసుకుంది, పెదవులు కదిలాయి. తర్వాత ఆ బిగువు మెల్లగా సడలింది. నేను రెండుసార్లు చాలన్నాను. మూడోసారి నేనే అతని చేయి పట్టుకుని బయటికి లాగాను. ఎర్రగా కందిపోయి ఉంది. వేళ్ళు ముడవబోయాడు. ముడుచుకోలేదు. చొక్కా చేయి కిందికి దించి గుండీ పెట్టుకోబోతే, గుండీ వేళ్ళ మధ్య నిలవలేదు. నేను పెట్టాను.

"ముందు మంట లేసింది సారూ," అన్నాడు. "ఎముకల్లకెల్లి మంట. గటెన్క ఏం తెల్వలే."

అక్కడే చేపల బల్లల పక్కన, తడినేల మీద కూర్చుండిపోయాడు. ఏడుపు అప్పుడు వచ్చింది. కొడుకు పోయాడని తెలిసినప్పటి నుంచి ఏడవలేదని తర్వాత చెప్పాడు. మార్కెట్‌కు వచ్చినవాళ్ళు పక్క నుంచి తప్పుకుని నడిచారు. ముసలాయన తన స్టూల్ తెచ్చి అతని వెనక పెట్టాడు. నర్సయ్య దాని మీద కూర్చోలేదు, వీపు ఆనించాడు.

కొంచెం తేరుకున్నాక నా వైపు చూడకుండా అన్నాడు.

"నా పిలగాడు సుత్తె పట్టిన చేత్తోనే పడ్డడు. గా చెయ్యి ఎంతసేపని ఈదుతది."

నాకు ఇందులో తెలిసింది ఒకటే, మీకూ అదే చెబుతున్నాను. బాధలో ఉన్న మనిషికి మీకు తెలిసినదంతా చెప్పడం దయ అనుకోకండి. నేను దీవి మీది ప్రతి గుడిసె గురించీ చెప్పాను. ఒక్కొక్కటీ నిజమే. వాటన్నింటినీ కలిపి అతను కట్టుకున్నది మాత్రం అబద్ధం. చెప్పిన నిజాలకంటే చెప్పకుండా వదిలినది పెద్దదైనప్పుడు అలా జరుగుతుంది. కెప్టెన్‌కు అది ముందే తెలుసు. మరి ముందే ఎందుకు చెప్పలేదని చాలాకాలం ఆయన మీద కోపంగా ఉండేది. ఒకరోజు అడిగేశాను. "అతను మనిషిలా నవ్వుతున్నది ఇక్కడికి వచ్చినప్పుడే కదా," అన్నాడు.

ఫోన్

రాజీనామా వెనక్కి తీసుకోవడానికి అతని కంపెనీ సూపర్‌వైజర్ ఒప్పుకున్నాడు. కర్మ కోసం సెలవు కూడా ఇచ్చాడు. ఊరికి వెళ్ళేముందు నర్సయ్య చివరిసారి దుకాణానికి వచ్చాడు. పటం అడగలేదు. తమ ఊరి నుంచి ఆ చోటు ఏ దిక్కున ఉంటుందో చెప్పమన్నాడు. అటు తిరిగి దీపం పెట్టాలని లక్ష్మి అడిగిందట.

నేను కంప్యూటర్ వైపు తిరిగాను. కెప్టెన్ వద్దని, కాగితం తీసుకుని, తనే లెక్క వేశాడు. కళ్ళజోడు సరిచేసుకుంటూ రెండోసారి కూడా వేసి చూశాడు. తర్వాత నర్సయ్యను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చేయి చాపి చూపించాడు. ఉత్తరానికి నిలబడి, కొంచెం పడమరకు తిరగాలి. నర్సయ్య కూడా అలాగే చేయి చాపి, భుజం సరిగ్గా ఉందా అని అడిగాడు. కెప్టెన్ అతని మోచేతిని రవంత కదిపాడు.

ఊరి నుంచి కొన్ని వారాలకు వీడియో కాల్ వచ్చింది. నర్సయ్య గుండు చేయించుకుని ఉన్నాడు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారట. పంతులు చెప్పినట్టే అన్నీ జరిగాయన్నాడు. తర్వాత, "మా ఇంటామె మాట్లాడుతదట," అని ఫోన్ ఆమెకు ఇచ్చాడు.

లక్ష్మిని అప్పుడే మొదటిసారి చూశాను. సన్నటి మనిషి. ఫోన్ మొహానికి మరీ దగ్గరగా పట్టుకుంది.

"అన్నా, నువ్వేనా మా ఆయనకు గా దీవి సంగతులు చెప్పింది?"

"నేనేనమ్మా."

"బొమ్మకు పిలగాని అంగీ తొడిగినమన్నా. కాలేజీకి తొడుక్కునేది. నేనే గుండీలు పెట్టిన."

ఊఁ అన్నాను. ఆమె వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. నర్సయ్య పక్కనే ఉన్నట్టున్నాడు, కనపడలేదు.

"గా నీళ్ళల్ల పడితె నొప్పి తెల్వదంటున్నడు మా ఆయన. నిద్రొచ్చినట్టే అయితదంట. నిజమేనా అన్నా? నువ్వు సదువుకున్నోనివి."

అవునమ్మా, తెలియదు అన్నాను.

ఆమె తల ఊపింది. ఇంకోసారి చెప్పమన్నట్టు చూసింది. ఇంకోసారి చెప్పాను. నీళ్ళలో మొదట ఎముకల్లోంచి మంట పుడుతుందని నర్సయ్య ఆమెకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.